డల్లాస్ నుంచి హెల్సింకీ దాకా లోకాభిరామాయణం

మొదటి రోజు, డల్లాస్

ఇంటి ముందు ఉబర్ ఎక్కినప్పటి నుంచి విమానం తలుపు మూసేదాకా తొమ్మిది మంది నన్ను "హౌ ఆర్ యూ" అని అడిగారు. ఈసారి కావాలనే లెక్కపెట్టాను. డ్రైవరు, సూట్‌కేసులు తీసుకున్న అమ్మాయి, సెక్యూరిటీ లైన్లో నా వెనక నిలబడ్డ కౌబాయ్ టోపీ పెద్దాయన, కాఫీ కలిపిచ్చిన కుర్రాడు, ఇలా. తొమ్మిది మందికీ "గుడ్, హౌ ఆర్ యూ" అనే చెప్పాను. వాళ్ళూ గుడ్డే అన్నారు.

నేను టెక్సాస్‌లో, ప్లేనోలోని ఒక ఫార్మసీ కౌంటర్ వెనక పద్నాలుగేళ్ళుగా పనిచేస్తున్నాను. రోజుకు వంద మందిని ఈ ప్రశ్న నేనే అడుగుతాను. మాత్రలు లెక్కపెట్టడం ఎంతో ఇదీ నా పనిలో అంతే. అయినా ఈ మాటతో నాకొక పాత గాయం ఉంది. అమెరికా వచ్చిన మొదటి ఏడాది మా నాన్న గుంటూరులో ఐసీయూలో ఉన్నారు. రాత్రంతా ఫోన్ పట్టుకుని కూర్చుని, పొద్దున పాలకోసం దుకాణానికి వెళ్తే బిల్లు వేసే అమ్మాయి "ఎలా ఉన్నారు?" అంది. ఆ దేశంలో నన్ను ఆ మాట అడిగిన మనిషి ఆ రోజుకి తనొక్కతే. "మా నాన్న ఐసీయూలో ఉన్నారు" అని చెప్పేశాను. ఆ అమ్మాయి చెయ్యి ఒక్క క్షణం ఆగింది. "అయ్యో, సారీ" అంది. తర్వాత సంచీ కావాలా అని అడిగింది. ఇంటికొచ్చి పాలడబ్బా బల్ల మీద పెట్టి ఏడ్చాను. వినే ఉద్దేశం లేనప్పుడు అడగడం ఎందుకని చాలా ఏళ్ళు మనసులో పెట్టుకున్నాను.

జర్మనీలో ఉండే మా పిన్ని కూతురు ఇప్పటికీ ఆ మాటే అంటుంది. "మీ అమెరికా వాళ్ళది నటన అక్కా, అడుగుతారు గానీ వినరు." ఫోన్‌లో ఈ వాదన తెగదు. పది రోజుల సెలవు దొరికింది. పారిస్, నెదర్లాండ్స్‌లో యుట్రెక్ట్, జర్మనీలో కొలోన్, ఫిన్లాండ్‌లో హెల్సింకీ. మావారికి మ్యూజియంలు చూడాలని ఉంది. నాకు మాత్రం జనం ఎలా పలకరించుకుంటారో చూడాలని ఉంది.

విమానంలో నా పక్క సీటు టెక్సాస్‌లోనే లబ్బక్ అనే ఊరి పెద్దావిడది. సీటు బెల్టు పెట్టుకోకముందే మోకాలి ఆపరేషన్ గురించి చెప్పింది. అట్లాంటిక్ సముద్రం వచ్చేసరికి కొడుకు విడాకులు, కోడలు మంచిదేనన్న సంగతి, ఇంట్లో పీకాన్ చెట్టుకు పట్టిన తెగులు అన్నీ తెలిశాయి. నేను మా అమ్మకు వచ్చే వారం కంటి శుక్లాల ఆపరేషన్ ఉందని చెప్పాను. "మీ అమ్మ కోసం ప్రార్థన చేస్తాను" అంది. టెక్సాస్‌లో ఇది రోజూ వినే మాటే. కానీ ఆవిడ అక్కడితో ఆగలేదు. మా అమ్మ పేరు అడిగింది. స్పెల్లింగ్ ఒక్కో అక్షరం చెప్పించుకుని, బోర్డింగ్ పాస్ వెనక పెన్నుతో రాసుకుని, కళ్ళజోడు పెట్టెలో దాచుకుంది.

రెండో రోజు, పారిస్

పొద్దున్నే దిగాం. హోటల్ గది మధ్యాహ్నం దాకా ఇవ్వరు. ఆకలేసి వీధి మూలన ఉన్న బేకరీలోకి వెళ్ళాను. గాజు పెట్టెలో క్రొసాంట్లు, వెనక బుట్టల్లో నిలబెట్టిన బగెట్లు, అంటే పొడుగాటి రొట్టెలు. ఫ్రాన్స్ బేకరీల్లో చేతితో చేసే ఈ బగెట్ పనితనాన్ని యునెస్కో 2022లో వారసత్వ జాబితాలో చేర్చింది. దుకాణం ఆవిడకి మోచేతి దాకా పిండి అంటుకుని ఉంది.

నేను అలవాటుగా నవ్వి, "హాయ్, హౌ ఆర్ యూ టుడే? ఒక బగెట్ ఇస్తారా?" అన్నాను.

ఆవిడ చేతిలో పట్టకారు కింద పెట్టింది. నా ముఖంలోకి చూసి "బోన్జూర్, మదామ్" అంది.

వినపడలేదేమోనని మళ్ళీ బగెట్ అడిగాను. మళ్ళీ "బోన్జూర్" అంది. గొంతులో కోపం లేదు. అలాగని బగెట్ కూడా రాలేదు. నా వెనకాయన మెల్లగా ఇంగ్లీషులో "ముందు మీరు బోన్జూర్ అనండి" అని చెప్పాడు. అన్నాను. అప్పుడు ఆవిడ ముఖం విప్పారింది. బాగా కాలింది కావాలా, లేతగా కాలింది కావాలా అని చేతులతో చూపిస్తూ అడిగింది. ఏరి మంచిది తీసి కాగితం చుట్టి ఇచ్చింది. వెళ్ళేటప్పుడు "బోన్ జూర్నే" అంది, రోజు బాగా గడవాలని. నాకది మనసుకి తగిలింది. పద్నాలుగేళ్ళు జనాన్ని పలకరించే పనిలో ఉండి, ఇక్కడ పలకరింపు లేని మనిషిలా నిలబడ్డాను.

తెనాలిలో మా వీధిలో ఎవరింటికి వెళ్ళినా గేటు దగ్గరే "ఏమండీ వదినగారూ" అని కేకేస్తాం. లోపల్నుంచి "రండి రండి" అని వినపడ్డాకే గడప దాటుతాం. పారిస్ దుకాణం నాకు ఆ లెక్కలో అర్థమైంది. అది ఆవిడ చోటు, నేను గడప దాటి వచ్చిన మనిషిని, వచ్చానని చెప్పాలి. ఆ చెప్పడమే బోన్జూర్. బస్సెక్కితే డ్రైవరుకి కూడా అంటారు. నేను ఆ ఒక్క మాట వదిలేసి, ముక్కూ మొహం తెలియని ఆవిడ క్షేమసమాచారం అడిగాను. ఇవ్వాల్సింది ఎగ్గొట్టి, అడక్కూడనిది అడిగినట్టయింది.

మధ్యాహ్నం భోజనం దగ్గర మావారికి చిరాకొచ్చింది. వెయిటరు ఆర్డరు తీసుకున్నాక మళ్ళీ రాలేదు. తినడం అయ్యాక కూడా బిల్లు తీసుకురాలేదు. అడిగితేనే తెచ్చాడు. అక్కడ అడగకుండా బిల్లు పెట్టడం అంటే లేచి వెళ్ళమన్నట్టట. డల్లాస్‌లో అయితే అయిదు నిమిషాలకొకసారి వచ్చి, తన పేరు చెప్పి, ఎలా ఉందని అడిగి, మా సాయంత్రం ప్రోగ్రాం కూడా కనుక్కుంటారు. ఆ పలకరింపు వెనకున్న లెక్క నాకు తెలుసు, ఎందుకంటే మొదటి రెండేళ్ళు మా పక్క ఫ్లాట్ అమ్మాయి ఆ పనే చేసేది. టిప్పులు వచ్చే పనివాళ్ళకి యజమాని నేరుగా ఇవ్వాల్సిన కనీస జీతం గంటకు 2.13 డాలర్లు. 1991 నుంచి ఆ అంకె మారలేదు, టెక్సాస్‌లో ఇప్పటికీ అదే. టిప్పులతో కలిపి 7.25 డాలర్లు రాకపోతే మిగతాది యజమాని పూడ్చాలి. అంటే ఆ అమ్మాయి ఇంటి అద్దె బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళ చేతిలో ఉంటుంది. ఆ నవ్వుని నటన అనేవాళ్ళు ఈ లెక్క కూడా చూడాలి. ఫ్రాన్స్‌లో సర్వీసు ఖర్చు భోజనం ధరలోనే కలిసి ఉంటుంది. వెయిటరుకి నన్ను మెప్పించాల్సిన అవసరం లేదు, నా భోజనం నన్ను తిననిస్తాడు.

మూడో రోజు, పారిస్

సాయంత్రం మావారి పాత సహోద్యోగి ఇంట్లో భోజనం. బల్ల చుట్టూ ఎనిమిది మంది. రెండు గంటలు గడిచినా మేము ఏం ఉద్యోగం చేస్తామని ఒక్కరూ అడగలేదు. టెక్సాస్‌లో ఇది రెండో ప్రశ్న. మన తెలుగు వాళ్ళ బర్త్‌డే పార్టీల్లో అయితే కంపెనీ ఏది, హెచ్‌వన్‌బీనా గ్రీన్‌కార్డా, ఇల్లు కొన్నారా అని పకోడీ ప్లేటు చేతికి వచ్చేలోపే అడిగేస్తారు. ఆ ఇంటావిడని ఇదే అడిగాను. కొత్తవాళ్ళని ఉద్యోగం గురించి అడిగితే వాళ్ళ జేబు తడిమి చూసినట్టు ఉంటుందని చెప్పింది.

మరి ఏం మాట్లాడారు? ముందు జున్ను గురించి, అది కూడా అరగంట. తర్వాత పెన్షన్ వయసు మీదికి వెళ్ళారు. 2023లో ప్రభుత్వం పెన్షన్ వయసుని 62 నుంచి 64కి పెంచుతూ చట్టం తెచ్చినప్పుడు ఈ ఎనిమిది మందిలో ముగ్గురు వీధుల్లో నడిచారు, ఒకాయన ఆ చట్టాన్ని సమర్థించాడు. గొంతులు పెరిగాయి. నాకు టెన్షన్ పట్టుకుంది. డల్లాస్‌లో బల్ల దగ్గర రాజకీయం, మతం ఎత్తకూడదని మొదటి ఏడాదే నేర్చుకుంటాం. ఇక్కడ ఇంత గొడవ పడ్డాక వీళ్ళు మళ్ళీ మాట్లాడుకుంటారా అనుకున్నాను. అయిదు నిమిషాల తర్వాత ఆ చట్టాన్ని సమర్థించినాయన, వీధిలో నడిచినామె ప్లేటులో తన పియర్ పండు సగం కోసి పెట్టాడు. ఇద్దరూ సంతోషంగా ఉన్నారు. ఒకళ్ళ మాటని కాదనడం ఆ బల్ల దగ్గర మర్యాదే. వాళ్ళ మాటని నిజంగా విన్నావనడానికి అదే గుర్తు.

పిచ్చాపాటీని ఫ్రెంచిలో ఏమంటారని అడిగాను. "వానా, ఎండా గురించి మాట్లాడుకోవడం" అంటారట. చెప్పేటప్పుడు ఆవిడ పెదవి కొంచెం విరిచింది. ఆ మాటకి అక్కడ పెద్ద విలువ లేదని అర్థమైంది. నా బతుకంతా నడిచేది ఆ వానా ఎండా మీదే. కొంచెం నొచ్చుకున్నాను కూడా.

నాలుగో రోజు, రైల్లో

గార్ దు నోర్ స్టేషన్ నుంచి రోటర్‌డామ్ దాకా ఒక రైలు, అక్కడి నుంచి యుట్రెక్ట్‌కి ఇంకోటి. రెండో రైల్లో మేము ఎక్కిన పెట్టె కిటికీల మీద "స్టిల్టే" అని రాసి ఉంది, నిశ్శబ్దం అని. మేం చూసుకోలేదు. మావారు తెనాలికి ఫోన్ చేసి గట్టిగా మాట్లాడుతుంటే ఎదురుగా ఉన్న కుర్రాడు ఏమీ అనకుండా వేలితో ఆ అక్షరాలు చూపించాడు. మావారు ఫోన్ పెట్టేశారు. కిటికీలోంచి పచ్చిక, కాలవలు, నలుపూ తెలుపూ ఆవులు. అంతే, ఆ రోజుకి.

అయిదో రోజు, యుట్రెక్ట్

నాతో బీఫార్మసీ చదివిన స్నేహితురాలు ఇక్కడ పదేళ్ళ నుంచి ఉంటోంది. నన్ను చూడగానే "ఏమే, ఇంత చిక్కిపోయావేంటి" అంది. ఒంటి గురించి ఇలా ముఖం మీద చెప్పే స్వేచ్ఛ డల్లాస్‌లో ఎవరికీ లేదు. డచ్చి వాళ్ళకి ఉందని అదే చెప్పింది. కొత్త కుర్తా వేసుకుని ఆఫీసుకి వెళ్తే, ఆ రంగు నీకు నప్పలేదని పక్క సీటామె మంచి మనసుతోనే చెప్పిందట.

పిచ్చాపాటీకి డచ్చి మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. "కూట్యెస్ ఎన్ కాల్ఫ్యెస్" గురించి మాట్లాడుకోవడం అంటారు. చిన్న ఆవులు, చిన్న దూడలు అని అర్థం. నిన్న కిటికీలోంచి చూసినవే. ఊళ్ళో ఇద్దరు రైతులు ఎదురుపడితే ముందు గొడ్ల సంగతి అడుగుతారు కదా. మా తాతగారు కూడా అరుగు మీదకి ఎవరొచ్చినా "గేదె ఈనిందా?" అనే మొదలుపెట్టేవారు. అసలు సంగతి, అప్పో పెళ్ళి సంబంధమో, తర్వాతెప్పుడో వచ్చేది. 1923లో మలినోవ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త, క్రాకోలో పుట్టినాయన, ఇలాంటి మాటలకి ఒక పేరు పెట్టాడు. సమాచారం చెప్పడానికి కాక మనుషులు కలిసి ఉండటానికే ఆడుకునే మాటలని దాని సారం. పసిఫిక్‌లో ట్రోబ్రియాండ్ దీవుల వాళ్ళ మధ్య ఉండి వచ్చిన మనిషి రాసిన సంగతి తెనాలి అరుగుకి సరిగ్గా సరిపోతుంది.

మధ్యాహ్నం స్నేహితురాలు నన్ను ప్రత్యేకంగా ఒక చోటికి తీసుకెళ్ళింది. జంబో అనే సూపర్‌మార్కెట్‌లో బిల్లింగ్ కౌంటర్. బోర్డు మీద "క్లెట్స్‌కాసా" అని ఉంది. కబుర్ల కౌంటర్ అన్నమాట. తొందర ఉన్నవాళ్ళు ఈ లైన్లో నిలబడకూడదు. మాట్లాడాలనుకున్నవాళ్ళ కోసం పెట్టింది ఇది. 2019లో ఫ్లైమెన్ అనే చిన్న ఊళ్ళో మొదటిది తెరిచారు. ఒంటరిగా ఉండే ముసలివాళ్ళ కోసం అక్కడి ఆరోగ్య శాఖ నడిపే కార్యక్రమంలో భాగంగా వచ్చిన ఆలోచన. రెండేళ్ళ తర్వాత ఇలాంటివి 200 పెడతామని ప్రకటించారు.

మేం పక్కన నిలబడి చూశాం. ఒక ముసలావిడ, ఎనభై దాటి ఉంటాయి, బెల్టు మీద ఒక బిస్కెట్ ప్యాకెట్, ఒక పిల్లి మేత డబ్బా పెట్టింది. రెండే వస్తువులు. బిల్లు వేసే అమ్మాయి పిల్లి మేత డబ్బా చేతిలోకి తీసుకుని, స్కాన్ చేయకుండా, దాన్ని అటూ ఇటూ తిప్పుతూ ఏదో అడిగింది. ముసలావిడ చెప్పడం మొదలుపెట్టింది. చిల్లర పర్సులోంచి నాణేలు ఒక్కొక్కటే తీసి బల్ల మీద వరసగా పేరుస్తోంది, చెబుతూనే ఉంది. వెనక నిలబడ్డ ముగ్గురిలో ఒక్కరూ వాచీ చూసుకోలేదు. నాణేలు అయిపోయాయి, మాట అయిపోలేదు. ఆ అమ్మాయి గంట కొట్టలేదు, రసీదు చాపలేదు. స్నేహితురాలు నా చెవిలో అనువాదం చేసింది: పిల్లి కొత్త మేత తినడం లేదు, పాత కంపెనీదే కావాలని మొండికేస్తోంది.

నాకు గొంతులో ఏదో అడ్డుపడింది. నేను రోజూ చేసే పని అదే. మా దగ్గర దానికి బోర్డు లేదు, సమయమూ లేదు. స్క్రీన్ మీద ఒక్కో మందుచీటీకి ఎన్ని నిమిషాలయ్యాయో కనిపిస్తుంటుంది, ఆ నిమిషాల మధ్యలోనే దూర్చి అడగాలి. వీళ్ళేమో మాట మనిషికి మందులాంటిదని ఒప్పుకుని, దానికి చోటు, కుర్చీ, జీతం ఇచ్చారు. మామూలు లైన్లలో డచ్చి క్యాషియర్లు పెద్దగా మాట్లాడరు. ఆ లోటు కనిపించిందేమో, దాన్ని కప్పిపుచ్చకుండా ఈ మార్గం వెతికారు.

సాయంత్రం ఆ స్నేహితురాలి పక్కింటి పుట్టినరోజు. కుర్చీలన్నీ గుండ్రంగా వేశారు. లోపలికి అడుగుపెట్టినవాళ్ళు పుట్టినరోజు పిల్లాడినే కాదు, వాడి తల్లిని, తాతని, అత్తని, పక్కింటి వాళ్ళని కూడా చేయి కలిపి అభినందించాలి. "హెఫెలిసిటేర్ట్" అని నేను పద్నాలుగు సార్లు అన్నాను. తర్వాత కేకు ముక్క పట్టుకుని ఆ గుండ్రంలో ఎవరి పక్క కుర్చీ దొరికితే వాళ్ళతోనే మాట. ఒకచోటి నుంచి ఇంకోచోటికి తిరగడాలు లేవు. నా పక్క తాతగారితో గంటన్నర ఆవులు, దూడలు నడిచాయి. నిజంగానే ఆయనకు ఆవులున్నాయి.

ఆరు, ఏడు రోజులు, కొలోన్

యుట్రెక్ట్ నుంచి నేరుగా రైలుంది. స్టేషన్ బయటికి రాగానే నల్లటి పెద్ద చర్చి మీద పడేంత దగ్గరగా ఉంటుంది. మా పిన్ని కూతురు ప్లాట్‌ఫారం మీదే ఉంది. "అక్కా, ఎన్ని దేశాల్లో హౌ ఆర్ యూ అన్నావు?" అని అడిగింది.

మర్నాడు పొద్దున పంటి డాక్టరు దగ్గరికి వెళ్తుంటే తోడు వెళ్ళాను. వెయిటింగ్ రూంలో ఆరుగురు కూర్చుని ఉన్నారు. తలుపు తీసి లోపలికొచ్చిన ప్రతి మనిషీ ఎవరి ముఖమూ చూడకుండా గది మొత్తానికి "గూటెన్ మోర్గెన్" అన్నారు. ఆరుగురూ పలికారు. మళ్ళీ నిశ్శబ్దం. పిలుపు రాగానే లేచి వెళ్తూ గదికి వీడ్కోలు చెప్పారు. లిఫ్టులో కూడా అంతే, దిగేటప్పుడు "చూస్" అని. మధ్యాహ్నం పన్నెండు దాటితే ఆఫీసు వరండాల్లో ఎదురుపడ్డవాళ్ళు "మాల్‌త్సైట్" అనుకుంటారట, అంటే భోజనం వేళ. మన "భోజనమైందా?" లాంటిది, జవాబు అక్కర్లేదు. డల్లాస్ వెయిటింగ్ రూంలో ఎవరూ గదికి నమస్కారం పెట్టరు. కానీ పక్కపక్క కుర్చీల్లో ఇద్దరు కూర్చుంటే పది నిమిషాల్లో ఒకరి బీపీ సంగతి ఇంకొకరికి తెలిసిపోతుంది. మా పిన్ని కూతురు దృష్టిలో జర్మన్లు సూటి మనుషులు, అనవసరపు మాటలు మాట్లాడరు. కానీ ఎవరితో ఏ పనీ లేని గదికి వచ్చేటప్పుడు, పోయేటప్పుడు నమస్కారం పెట్టడం కూడా పిచ్చాపాటీయే కదా అన్నాను. అది మర్యాద అంది. నాకు రెండిటి మధ్యా తేడా కనిపించలేదు.

పాత వాల్‌మార్ట్ కథ ఎత్తింది. ఆ అమెరికా సూపర్‌మార్కెట్ కంపెనీ 1997లో జర్మనీకి వచ్చి 2006లో దుకాణాలన్నీ మెట్రో అనే జర్మన్ సంస్థకి అమ్మేసి వెళ్ళిపోయింది. వచ్చినవాళ్ళని చూసి ఉద్యోగులు నవ్వాలి, తలుపు దగ్గర ఒక మనిషి స్వాగతం చెప్పాలి అన్న పద్ధతులు జర్మన్లకి ఎబ్బెట్టుగా అనిపించాయని అప్పట్లో పత్రికలు చాలా రాశాయి. అదొక్కటే కారణమంటే నేనొప్పుకోను. ఆల్డీ, లిడ్ల్ లాంటి స్థానిక దుకాణాల ధరలతో పోటీ పడలేకపోవడం పెద్ద కారణం. కానీ జనానికి గుర్తుండిపోయింది ఆ నవ్వే.

తన ఆఫీసు ట్రైనింగులో చెప్పిన పోలిక కూడా చెప్పింది. అమెరికన్లు పీచ్ పండు, పైన మెత్తన, లోపల గట్టి టెంక. జర్మన్లు కొబ్బరికాయ, పైన పెంకు, పగిలితే లోపలంతా నీదే. ఇలాంటి ఆలోచనకి మూలం 1936లో కర్ట్ లెవిన్ రాసిన వ్యాసం. ఆయన బెర్లిన్‌లో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త, యూదుడు కావడంతో 1933లో దేశం వదిలి అమెరికా చేరాడు. మనిషి చుట్టూ వలయాలు గీసి, అమెరికన్‌కి బయటి వలయాలు తేలిగ్గా తెరుచుకుంటాయని, లోపలి చిన్న వలయం మాత్రం మూసి ఉంటుందని, జర్మన్‌కి బయటి నుంచే మూత ఉంటుందని చూపించాడు. రెండు దేశాల్లోనూ కాపురం చేసిన మనిషి గీసిన బొమ్మ అది, అందుకే నాకు దాని మీద గౌరవం.

అయినా ఆ రాత్రి చెల్లికి లబ్బక్ పెద్దావిడ సంగతి చెప్పాను. మా అమ్మ పేరు బోర్డింగ్ పాస్ వెనక రాసుకుందని, కళ్ళజోడు పెట్టెలో దాచుకుందని. నటించే మనిషికి స్పెల్లింగ్ ఎందుకు? చెల్లి కాసేపు మాట్లాడలేదు. "సరేలే అక్కా, రేపు మా పక్కింటావిడని చూడు" అంది.

పక్కింటావిడకి డెబ్భై ఏళ్ళు. ఆరేళ్ళు మా చెల్లిని "జీ" అనే పిలిచింది, అంటే మన "మీరు". మెట్ల మీద నమస్కారం, అంతవరకే. ఆరేళ్ళ తర్వాత ఒక సాయంత్రం తలుపు తట్టి, రెండు గ్లాసులు పట్టుకొచ్చి, ఇక "దూ" అనుకుందామా అని అడిగిందట. "నువ్వు" అన్నమాట. వయసులో పెద్దవాళ్ళే ఆ మాట ముందు ఎత్తాలి. ఇంగ్లీషులో అందరికీ ఒకే "యూ" ఉండటం వల్ల అమెరికన్లకి ఈ మెట్టే లేదు. తెలుగువాళ్ళం కాబట్టి ఆ మెట్టెంత ఎత్తుంటుందో మనకి తెలుసు. చెల్లికి బాబు పుట్టినప్పటి నుంచి ఈ ఇంటి తాళంచెవి ఒకటి ఆవిడ దగ్గరే ఉంటోంది.

ఆవిడ నన్ను ఇంగ్లీషులో "ఎలా ఉన్నారు?" అని అడిగింది. "ఫైన్" అన్నాను. ఆవిడ అలాగే నా వంక చూస్తూ నిలబడింది. తరవాత "ఫైన్ అంటే?" అంది. ఎవరూ నన్ను ఆ రెండో ప్రశ్న అడగలేదు ఇన్నేళ్ళలో. ఎడమ మోకాలు రోజంతా నిలబడి లాగేస్తోందని, మెట్లు దిగలేకపోతున్నానని చెప్పేశాను. ఆవిడ తల ఊపి లోపలికి వెళ్ళి, చల్లటి క్వార్క్ డబ్బా, ఒక పాత నూలు తువ్వాలు తెచ్చింది. క్వార్క్ మన గట్టి పెరుగులా ఉంటుంది. గుడ్డ మీద వేలి మందాన పరిచి, మడిచి, మోకాలి చుట్టూ కట్టి, ఇరవై నిమిషాలు కదలొద్దంది. జర్మన్ల పాత ఇంటివైద్యం ఇది. మందులమ్మే దాన్ని, పెరుగు కట్టుతో మోకాలు చల్లబడుతుంటే కదలకుండా కూర్చున్నాను. ఆ ఇరవై నిమిషాల్లో ఆవిడ ఇంకో మాట మాట్లాడలేదు. పక్కనే కూర్చుంది.

రాత్రి బ్రౌహౌస్‌కి, అంటే బీరు తయారుచేసి అమ్మే హోటల్‌కి వెళ్ళాం. కొలోన్‌లో కోల్ష్ అనే బీరు సన్నటి గ్లాసులో ఇస్తారు, 0.2 లీటరు. వెయిటర్ని కోబెస్ అంటారు. గ్లాసు ఖాళీ కాగానే అడక్కుండానే ఇంకోటి పెట్టి, కింద అట్ట మీద పెన్సిల్‌తో గీత గీస్తాడు. చాలంటే ఆ అట్టని గ్లాసు మీద మూత పెట్టాలి, అప్పుడు ఆగుతాడు. నేను నీళ్ళడిగితే "స్నానానికి సబ్బు కూడా తేవాలా?" అన్నాడు, ముఖంలో నవ్వు లేకుండా. చుట్టూ జనం హాయిగా నవ్వారు. కస్టమర్ని ఇలా ఆటపట్టించడమే ఈ ఊరి పలకరింపు. జర్మనీ అంతా ఒక్కటే తీరు అనుకోకూడదని చెల్లే ఒప్పుకుంది.

ఎనిమిదో రోజు, హెల్సింకీ

చలి. ట్రాము స్టాపులో ఏడుగురు మనుషులు ఏడు చోట్ల నిలబడ్డారు, మధ్యలో రెండేసి గజాలు. మేమిద్దరమే ఆనుకుని నిలబడ్డాం. ఫిన్నిష్‌లో ఎలా ఉన్నావనడానికి "మితా కూలూ" అంటారు. అక్షరాలా చూస్తే ఏం వినపడుతోంది అని. మన "ఏంటి విశేషాలు?"కి చుట్టమే. స్మాల్ టాక్‌కి మాత్రం ఇంగ్లీషు మాటనే వాడుకుంటున్నారు.

కాంపి దగ్గర నారింక్కా చౌకులో చెక్కతో కట్టిన నిశ్శబ్ద మందిరం ఉంది, 2012లో తెరిచారు. పెద్ద చెక్క గిన్నెలా ఉంటుంది, గోడలకి కిటికీలు లేవు, వెలుతురు పైనుంచి దిగుతుంది. బయట షాపింగ్ సెంటర్ల హడావిడి. లోపల పదిహేను మందిమి ఉన్నాం, చెక్క వాసన, ఎవరో కోటు సర్దుకున్న చప్పుడు. ఊరి నడిబొడ్డున మాట్లాడకుండా కూర్చోవడానికి ఒక చోటు కట్టుకున్నారు. యుట్రెక్ట్‌లో మాట్లాడటానికి కౌంటర్ కట్టుకున్నారు. నాకు రెండూ ఒకే మనసుతో కట్టినట్టే అనిపించింది.

తొమ్మిదో రోజు, హెల్సింకీ

సముద్రం ఒడ్డున లొయ్‌లు అనే పబ్లిక్ సౌనాకి, అంటే ఆవిరి స్నానాల గదికి వెళ్ళాం. లొయ్‌లు అంటే వేడి రాళ్ళ మీద నీళ్ళు పోస్తే లేచే ఆవిరి. 56 లక్షల మంది ఉన్న ఆ దేశంలో సౌనాలు 30 లక్షల దాకా ఉంటాయని చెబుతారు. చీకటి గది, చెక్క మెట్లు, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా ఆడా మగా. ట్రాము స్టాపులో రెండు గజాలు కావలసినవాళ్ళు ఇక్కడ చెమటలు కారుస్తూ భుజం భుజం రాసుకుని కూర్చున్నారు.

చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. నా అలవాటు కొద్దీ నోరు దురద పెట్టింది, ఆపుకున్నాను. చెక్క చెంబు దగ్గరున్నావిడ అందరి వైపూ తిరిగి, నీళ్ళు పొయ్యనా అని అడిగింది. తలలూపాం. రాళ్ళు బుసకొట్టాయి, ఆవిరి చెవుల మీదికి వచ్చింది. ఆ తర్వాతే, ఆవిరి దిగుతున్నప్పుడు, ఆవిడ నెమ్మదిగా నాతో మాట కలిపింది. ఏ దేశం, ఎంత ఎండ ఉంటుంది అని కాదు. వాళ్ళమ్మ ఈ మధ్యే పోయిందని, వారం వారం ఆ తల్లితో ఇక్కడికి వచ్చేదాన్నని చెప్పింది. మొదటి మాటే అది. మా నాన్న సంగతి నేనూ చెప్పాను, ఐసీయూ, పాలడబ్బా, అన్నీ. ఆవిడ "అయ్యో" అనలేదు, సారీ అనలేదు. విని, చెంబుతో ఇంకాసిన్ని నీళ్ళు పోసింది.

లేచేటప్పుడు "నో నీన్" అంది. ఫిన్నిష్ వాళ్ళు మొదలుపెట్టడానికి, ముగించడానికి, నిట్టూర్చడానికి అన్నిటికీ ఈ రెండు ముక్కలే వాడతారు. మనం లేస్తూ "సరే మరి" అంటామే, అచ్చం అది.

పదో రోజు

విమానం, నిద్ర. డల్లాస్ ఇమిగ్రేషన్ కిటికీలో ఆఫీసరు పాస్‌పోర్టు చూస్తూ "ట్రిప్ ఎలా జరిగింది?" అన్నాడు. ఒక్క నిమిషం ఆలోచించి బాగా జరిగిందని చెప్పాను. మా అమ్మ ఆపరేషన్ బాగా జరిగిందని తమ్ముడి మెసేజ్ ఉంది. లబ్బక్ పెద్దావిడ ఫోన్ నంబరు తీసుకోనందుకు ఇప్పుడు బాధపడుతున్నాను.

సోమవారం, ప్లేనో

పది గంటలకి బీపీ మాత్రల పెద్దాయన వచ్చాడు. భార్య పోయి మూడేళ్ళు, ముసలి కుక్క ఒకటే తోడు. నేను "హౌ ఆర్ యూ" అన్నాను. "ఫైన్" అన్నాడు, నవ్వు సగమే వచ్చింది. వెనక లైన్లో నలుగురున్నారు, స్క్రీన్ మీద నిమిషాలు ఎర్రబడుతున్నాయి. పక్క కౌంటర్ తెరవమని మావాళ్ళకి చెప్పి, మాత్రల సీసా చేతిలోనే పట్టుకుని, "ఫైన్ అంటే?" అని అడిగాను.

కుక్క రెండు రోజులుగా మేత ముట్టడం లేదట.